మెరక కింద కుంట

తమ్ముడు ప్లాటు కొంటానంటే గత ఆదివారం ఊరికి ఉత్తరాన ఒక వెంచర్ చూసి వచ్చాం. హరిత కాలనీ అన్నారు. వేప, కానుగ మొక్కలు, సోలార్ దీపాలు, మధ్యలో సిమెంటు కొలను. చివరి వరుస ప్లాట్లలో మాత్రం గ్రావెల్ ఇంకా పచ్చిగా ఉంది. దాని అంచున జమ్ము మొలిచింది.

"కొంచెం పల్లం మేడమ్, మెరక చేయించాం" అన్నాడు ఏజెంటు.

గేదెలు తోలుకుపోతున్న పెద్దాయనను అడిగాను. "ఇది కుంటే కదమ్మా! నిండితే నీళ్లు ఆ తూములోంచి కాలువకు పోయేవి" అని చెయ్యి చూపించాడు. తూము నిండా మట్టి.

నాకు కాళ్లు ఆడలేదు. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న వరద వస్తే అమ్మను మేడ మీదికి ఎక్కించి, నాలుగు రోజులు బిస్కెట్లతో గడిపాం. మైలవరం కొండల నీటిని కొల్లేటికి చేర్చే వాగు బుడమేరు. వెలగలేరు నుంచి కొంత నీటిని కృష్ణకు మళ్లించే కాలువకు అప్పుడు గండ్లు పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. దాంతో బుడమేరు నీరు మా వీధుల్లో నిలిచింది. నీరు నిలవాల్సిన పల్లాల్లోనే మేం ఇళ్లు కట్టుకున్నామని అప్పుడు అర్థమైంది.

హరిత నిర్మాణాలకు పాయింట్లిచ్చి గుర్తింపునిచ్చే, అమెరికాలో పుట్టిన లీడ్ (LEED) ప్రమాణాల్లో కాలనీలకు వేరే విభాగం ఉంది. చిత్తడి నేల చుట్టూ 50 అడుగులు, చెరువులూ వాగుల పక్కన 100 అడుగులు కాపాడటం అందులో ముందుగా తీరాల్సిన షరతు. మిగతా పాయింట్లన్నీ ఆ తర్వాతే. మన రాష్ట్ర భవన నిబంధనలు కూడా 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు నుంచి 30 మీటర్లు, చిన్న కుంట నుంచి 9 మీటర్లు వదలమంటాయి. ఇక్కడ వదలడం మాట అటుంచి కుంటనే పూడ్చేశారు. కప్పలూ నీరుకోళ్లూ బతికిన చోటును పూడ్చి సిమెంటు కొలను కట్టి, దాన్ని హరితం అంటే నేను ఒప్పుకోను.

గ్రామ సచివాలయంలో సర్వే పటం చూసేదాకా అడ్వాన్సు ఇవ్వబోమని చెప్పి వచ్చాం. పటంలో కుంట అని తేలితే ప్లాటు మానుకుని ఊరుకోను. ఆ తూము తెరిపించమని అర్జీ నేనే రాస్తాను. పెద్దాయన సంతకం పెడతానన్నాడు.