జటాయువుకు ఉదకం, మా చిట్టికి పచ్చిముంత

తతో గోదావరీం గత్వా నదీం నరవరాత్మజౌ
ఉదకం చక్రతుస్తస్మై గృధ్రరాజాయ తావుభౌ

అరణ్యకాండ 68వ సర్గలోని ఈ శ్లోకాన్ని ఏళ్ల తరబడి పారాయణ చేస్తున్నా, 13 ఏళ్లు మాతో బతికిన మా కుక్క చిట్టి కన్నుమూసిన తరువాతే అది నన్ను పట్టి నిలబెట్టింది. రాజకుమారులిద్దరూ గోదావరికి వెళ్లి ఆ గద్దరాజుకు ఉదకం విడిచారని దీని అర్థం. అంతకుముందే రాముడు లక్ష్మణుణ్ణి కట్టెలు తెమ్మని, "మత్కృతే నిధనం గతమ్", అంటే నా కోసం ప్రాణం విడిచినవాడు, ఇతణ్ణి నేనే దహనం చేస్తానంటాడు. జటాయువు పెంపుడు పక్షి కాదు, దశరథుడికి స్నేహితుడు. ఆ తేడా నేను మరువలేదు. అయినా, రెక్కలున్న దేహానికి సంస్కారమేమిటన్న సందేహం అక్కడ రామునికి కలగనే లేదు.

దహనవాటికలో చిట్టి అస్థికలను ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చారు. వాటిని అలా ఉంచడానికి మనసొప్పక పాత్ర కోసం వెతికాను. బతికి ఉన్నప్పటి బరువులో కిలోకు సుమారు 36 మిల్లీలీటర్ల చోటు కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 22 కిలోల చిట్టికి ముప్పావు లీటరు దాటి పట్టే పాత్ర సరిపోతుంది. మూత బిగిసే నగిషీల ఇత్తడి కలశమొకటి నచ్చింది కానీ, దాన్ని చేతిలోకి తీసుకోగానే మా ఇంటి వ్రతాల కలశమే గుర్తుకొచ్చింది. మామిడాకులు, కొబ్బరికాయ ఉంచి ఆవాహన చేసిన దేవతకు సైతం చివర "యథాస్థానం ఉద్వాసయామి" అని వీడ్కోలు చెబుతాం కదా! మన సంప్రదాయంలో పాత్ర ఒక మజిలీయే తప్ప శాశ్వత నివాసం కాదని అప్పుడు తోచింది. అస్థికలను ఇంట్లోకి తేకుండా, కొత్త కుండలో పెట్టి గుడ్డ కట్టి, నిమజ్జనం దాకా చెట్టుకు వేలాడదీసే పెద్దల ఆచారంలోనూ నాకు ఈ భావమే కనిపిస్తుంది.

ఇంట్లోనే దాచుకోవాలనుకునేవారి ప్రేమను నేను తప్పుపట్టను. వారికి మూత గట్టిగా బిగిసే రాగి చెంబు మంచిది. మొక్క కింద కలిపేవారు మాత్రం, ఆ భస్మంలో ఉప్పు శాతం ఎక్కువ కనుక, మట్టి బాగా కలిపి వేయాలి.

నేను కుమ్మరి ఇంటికి వెళ్లి కాల్చని ముంత అడిగాను. "పచ్చిది నీళ్లకు ఆగదండీ," అన్నాడాయన. ఆగకూడదనే అడుగుతున్నానని చెప్పి, సంగతి వివరించాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, ఎండలో ఆరుతున్న వాటిలోంచి ఒకటి తీసి, అంచు మీది గరుకును తడి వేలితో నునుపు చేసి నా చేతిలో పెట్టాడు.

రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున మోకాలిలోతు నీళ్లలో దిగి, చిట్టి పేరు పలికి, ముంతను వదిలాను. బుడగలు నాలుగు పైకి వచ్చాయి, ముంత మునిగింది. మెడపట్టీకి ఉండే చిన్న గంటను మాత్రం నదిలో వేయలేదు. అది మా తులసికోట దగ్గర ఉంది.