మాటే పనిముట్టు

కాలిఫోర్నియాలోని అనహైమ్ అంటే మనవాళ్లకు డిస్నీల్యాండ్. 1876లో అక్కడికి ఓ పోలిష్ బృందం సేద్యం చేద్దామని వచ్చింది. నాగలి పట్టినవాళ్లు తక్కువ, పుస్తకం పట్టినవాళ్లు ఎక్కువ. తర్వాత నోబెల్ అందుకున్న రచయిత సియెన్‌కీవిచ్ కూడా వాళ్లలో ఒకడు. తెచ్చుకున్న డబ్బు ఎంతోకాలం నిలవలేదు. ఇంతమందిలో సంపాదించగలిగింది ఒక్క హెలెనా మోజెయెవ్‌స్కా. వార్సా రంగస్థలాన్ని ఏలిన నటి. కానీ ఆమె పనిముట్టు మాట, అది పోలిష్ మాట.

36 ఏళ్ల వయసులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని ఇంగ్లీషు దిద్దుకుంది. నెలల్లోనే, 1877 ఆగస్టు 20న, కాలిఫోర్నియా థియేటర్‌లో వేషం కట్టింది. ఆ ఇంటిపేరు ఎవరికీ నోరు తిరగదని కత్తిరించి 'మోజెస్కా' చేశారు. ఆఫీసులో సుబ్రహ్మణ్యం 'సుబ్బు' అయినట్టే.

యాస మాత్రం చివరిదాకా పోలేదు. ఆ యాసతోనే షేక్‌స్పియర్ నాయికలను ఆడింది, అమెరికా మేటి నటుడు ఎడ్విన్ బూత్ సరసన నటించింది, రైలుపెట్టెలో ఊరూరా తిరిగింది. ఒక విందులో ఆమె పోలిష్‌లో ఏదో చదివితే అందరూ కళ్లు తుడుచుకున్నారట. తీరా అడిగితే అది అక్షరమాల! నిజమో కాదో గానీ, ఈ కథ నాకు ఇష్టం.

అప్పటిదాకా ఆమెను సొంత దేశం నుంచి ఎవరూ వెళ్లగొట్టలేదు. మధ్యలో పోలండ్ వెళ్లి ఆడి వచ్చేది కూడా. 1893లో చికాగో మహిళా మహాసభకు రావలసిన పోలిష్ ప్రతినిధులు రాకపోతే, వాళ్ల బదులు తను లేచి రష్యా జారు పాలనలో తమ స్త్రీల గోడు చెప్పింది. ఇన్నేళ్లూ ఇంగ్లీషులో ఇంకొకరు రాసిన మాటలు పలికి బతికింది. ఆ రోజు పలికినవి సొంత మాటలు. దాంతో రష్యా ఏలుబడిలోని వార్సా తలుపులు మూసుకున్నాయి. ఆస్ట్రియా కింద ఉన్న క్రాకోవ్ లాంటి పోలిష్ ఊళ్లే మిగిలాయి.

1909లో కాలిఫోర్నియాలో పోయింది. తీసుకెళ్లి క్రాకోవ్‌లోనే పాతిపెట్టారు.

కత్తిరించిన ఆ పేరు అమెరికాలో ఉండిపోయింది. కొడుకు రాల్ఫ్ మోజెస్కీ వంతెనల ఇంజనీరు, యాసతో పనిలేని వృత్తి. ఫిలడెల్ఫియా నుంచి న్యూజెర్సీకి డెలవేర్ నది దాటించే బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంతెనకు అతనే చీఫ్ ఇంజనీరు. 1926లో తెరిచారు. ఆ నదికి ఇటూ అటూ ఉన్న మనవాళ్లు దాని మీదుగా వెళ్తూనే ఉంటారు.