ఉయ్యాల స్టాండు: మూడో మేకుతోనూ సందు మూసుకోలేదు

ఉయ్యాల స్టాండు చెక్కల్ని చెక్క మేకుతో బిగించే జాయింటు ఇది, ఈసారి రెండు చెక్కల మధ్య సందు మూసుకోవడం ఖాయం అనుకున్నాను. మూడో శాంపిల్ జాయింటులో మేకు దిగుతున్నకొద్దీ చప్పుడు గట్టిపడింది, సందు సన్నబడింది, విజిటింగ్ కార్డు దూరేంత మిగిలాక ఆగిపోయింది. ఇంకో రెండు దెబ్బలు వేశాను. మేకు దిగింది గానీ సందు మాత్రం అంగుళంలో వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అమ్మ ఊగే ఉయ్యాల ఇది. అందుకే తొందరపడను.

చెక్క సిల్వర్ ఓక్, 100 × 100 మి.మీ., మైసూరు రోడ్డు టింబర్ యార్డులో కోయించాను. కాఫీ తోటల్లో నీడకి పెంచే చెట్టే. ఇంకా పచ్చిది, తేమ మీటరు 22 శాతం చూపిస్తోంది. మేకులు తుమ్మ చేవ, 9 శాతం. రంపంతో కోయలేదు, బాడిశతో నిలువునా చీల్చాను. షాపులో అమ్మే గుండ్రటి రాడ్లు నాకు నచ్చవు, వాటిలో చెక్క పోగు తరచూ మధ్యలోనే పక్కకి జారిపోయి ఉంటుంది. అడ్డంగా బరువు పడితే అక్కడే తెగుతుంది.

టెనన్, అంటే స్తంభంలోని గాడిలోకి దూరే అడ్డచెక్క నాలుక, మందం 32 మి.మీ., పొడవు 75. స్తంభంలో మేకు బెజ్జం అంచు నుంచి 38 మి.మీ. లోపల.

టెనన్‌లో బెజ్జాన్ని స్తంభం బెజ్జానికి కాస్త పక్కకి పెడితే, దిగే మేకు టెనన్‌ని లోపలికి లాగుతుంది, ఆ తేడానే డ్రాబోర్ ఎడం. మొదట 19 మి.మీ. మేకు, ఎడం 3. టెనన్ చివర నిలువునా చీలింది. ఎడం ఎక్కువైంది, మేకు లావైంది అనుకున్నాను. రెండోది 16 మేకు, ఎడం 2. మళ్లీ అదే చోట చీలిక, కాస్త సన్నంగా. మూడోది 13 మేకు, ఎడం 1.5. చీలలేదు, సందూ మూసుకోలేదు.

ఈ ఉదయం ఆ మూడో జాయింటుని మధ్యకి కోసి చూశాను. మేకు లోపల ఎస్ అక్షరంలా వంగి ఉంది. అది కొంచెం వంగడం మామూలే, రెండు బెజ్జాలు ఎదురుబొదురుగా లేవు కాబట్టి. అసలు సంగతి అడుగున ఉంది. మార్టిస్, అంటే టెనన్ దూరే గాడి, లోతు 78. అడుగున ఉలి వదిలిన పొట్టు, బిస్కెట్‌లా గట్టిపడి, గోటితో గీస్తే రాలేదు. 3 మి.మీ. ఖాళీ అంతా దానికే సరిపోయింది. అంటే టెనన్ ముక్కు అడుగున ఆనేసింది. మేకు దాన్ని ఇంకా లోపలికి లాగాలని చూస్తోంది, అది కదలదు. ఆ బలమంతా టెనన్‌లో బెజ్జం వెనక, కొన వైపు మిగిలిన చెక్క మీదే పడింది. మొదటి రెండూ చీలింది బహుశా ఇందుకే.

ఆ తర్వాత కాగితం తీసి లెక్క వేసుకున్నాను. 19 మేకుకి వెనక మిగిలిన చెక్క 30.5 మి.మీ. 16 మేకుకి 31. మేకుని 3 మి.మీ. సన్నం చేస్తే వెనక పెరిగింది అర మి.మీ.! ఎడం తగ్గించినందుకు బెజ్జం వెనక్కి జరిగి, ఆ లాభాన్ని తినేసింది. మూడు వారాలుగా నేను సైజు మారుస్తున్నది తప్పు వస్తువుకి.

యార్డులో మదనపల్లె నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ ఒకాయన ఉన్నారు. చీలిన ముక్క చూపిస్తే, "మేకు లావైతే ఏం లాభం నాయనా, దాని వెనకాల చెక్క ఉండాలి గదా" అన్నారు. నాలుగు ముక్కలు కోశాక నాకు అర్థమైంది ఆయన ఒక్క చూపులో చెప్పారు.

టెనన్ మందంలో సగం లావు మేకు అనే లెక్క నాకింకా సరైనదే అనిపిస్తోంది, అందుకే 16 దగ్గరే ఆగుతున్నాను. 13 అయితే ఉయ్యాల ముందుకీ వెనక్కీ గుంజే గుంజుడికి భయం. 25 మి.మీ. మేకులు పెద్ద దూలాలతో పని చేసేవాళ్లకి.

ఇక టెనన్‌ని స్తంభం అవతలి ముఖం దాకా తీస్తాను, పొడవు 100. అప్పుడు అడుగనేదే ఉండదు, మేకు వెనక 56 మి.మీ. దొరుకుతుంది. ఎడం 2. వాన నీళ్లు ఆ బెజ్జంలో దిగకుండా కొనలకి నూనె పట్టించాలి, అయినా డాబాకి పైన రేకు వేయించాలని అమ్మ ఎప్పటినుంచో అంటోంది, అదీ ఈ స్టాండుకే కలుపుతానేమో.

16 రంధ్రం ఉన్న 8 మి.మీ. ఇనుప పలకలోంచి కొత్త మేకులు పన్నెండు దిగ్గొట్టాను. 165 పొడవు, చివరి 50 కొన తేలింది. ఫ్రిజ్ మీద వార్తాపత్రికలో చుట్టి పెట్టాను, ఆదివారం వరకు.