షుగర్ 318, పిట్టకది మామూలే

మా చిట్టి కాకటీల్ అనే చిన్న చిలుక జాతి పిట్ట. ఆడుతూ పాడుతూ తిరిగే పిట్ట ఉన్నట్టుండి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం మొదలుపెట్టింది. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ఆకుపచ్చగా పడుతోంది. పక్షులు జబ్బును దాచుకుంటాయి, పైకి కనబడేసరికే ముదిరి ఉంటుంది. అందుకే ముందు దొరికిన పశువైద్యుడి దగ్గరికే తీసుకెళ్లాం. ఆయన ఛాతీ కండలో ఇంజెక్షన్ చేసి, మర్నాడు రక్తం తీయించారు.

రిపోర్టు తిరగేస్తూ ఆయన అన్న మాటలు నేను మరిచిపోను. "షుగర్ 318. లివర్ పోయింది. వైట్ సెల్స్ లక్ష దాటాయి, బ్లడ్ క్యాన్సరే అయ్యుంటుంది. క్రియాటినిన్ బాగుంది కాబట్టి కిడ్నీలకేం ఢోకా లేదు." అని, కాస్త ఆగి, "పిట్టే కదండీ, బాధపెట్టకుండా పంపించేద్దామా?"

ఇంటికి తెచ్చేసుకున్నాం. ఆ రాత్రి అట్టపెట్టెకు ఒక పక్కన బల్బు పెట్టి వెచ్చగా ఉంచాను. ఊపిరి తీసినప్పుడల్లా దాని తోక పైకీ కిందికీ కొట్టుకుంటోంది. అర్ధరాత్రి దాటాక అది తనంతట తనే లేచి గింజల గిన్నె దగ్గరికి వచ్చింది. నాకు చెయ్యి ఆడలేదు. షుగర్ అన్నారు కదా, తిననివ్వాలా, గిన్నె తీసెయ్యాలా? ఆకలితో ఉన్న పిట్ట ముందు గిన్నె పట్టుకుని ఏడ్చాను. "తిననీవే, తింటే కదా బతికేది" అంది అమ్మ. ఆ ఇంట్లో ఆ రాత్రి వైద్యం తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

ఆ తర్వాత చిట్టిని పక్షుల డాక్టరమ్మకు చూపించాం. రిపోర్టు చూడగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ కుడివైపు నార్మల్ అంకెలు ఎవరివి?" కుక్కలవి! పక్షులకు షుగర్ 200 నుంచి 400 దాకా ఉండడం మామూలేనట. మనుషులకైతే కంగారు పడాల్సిన అంకె, దానికి ఆరోగ్యం. క్రియాటినిన్ పక్షుల్లో కిడ్నీల గురించి ఏమీ చెప్పదు, చూడాల్సింది యూరిక్ యాసిడ్. అది ఆ రిపోర్టులో లేనే లేదు.

ఇక ఆ క్యాన్సర్ సంగతి. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల వాటిలో ఉంటుంది. మనుషుల కోసం, కుక్కల కోసం తయారైన మెషీన్ ఆ కేంద్రకాలను చూసి తెల్లకణాలనుకుని లెక్కేసేస్తుంది. లక్ష అలా వచ్చింది! ఆవిడ కొత్తగా తీసిన రక్తాన్ని గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోప్‌లో స్వయంగా లెక్కపెట్టారు. తెల్లకణాలు పెరిగిన మాట నిజమే, వాటిలో హెటెరోఫిల్స్, మోనోసైట్స్ అనే రకాలు ఎక్కువున్నాయి. అది ఇన్ఫెక్షన్ లక్షణం, క్యాన్సర్‌ది కాదు.

లివర్ పోయిందన్నది ఏఎస్‌టీ అనే ఎంజైమ్ ఒక్కదాన్ని చూసి. అది లివర్‌లోనూ కండలోనూ ఉంటుంది. కండ దెబ్బతిన్నా ఏఎస్‌టీ పెరుగుతుంది, అందుకే దాని పక్కన సీకే అనే ఇంకో ఎంజైమ్ కూడా చూడాలి. సీకే కండ నుంచే వస్తుంది. చూస్తే అదీ ఎక్కువే. అంటే ఆ పెద్ద అంకెలో కొంత ఆ మహానుభావుడు పొడిచిన సూదిదే! లివర్ పనితీరు చెప్పే బైల్ యాసిడ్స్ కూడా కొంచెం పెరిగాయి కాబట్టి లివర్ వాచిన మాట కాదనలేం. "వాచింది, పోలేదు" అన్నారు డాక్టరమ్మ. నాకు కాళ్లలో సత్తువ వచ్చింది.

పచ్చరెట్ట, మోనోసైట్స్, లివర్ కలిపి చూసి, నోటి నుంచీ రెట్టదారి నుంచీ స్వాబ్ తీసి పంపారు. క్లామిడియా సిట్టసి అనే బ్యాక్టీరియా అని తేలింది. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 45 రోజులు. కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుందని పంజరంలో కాల్షియం కోసం పిట్ట కొరకడానికి పెట్టే కటిల్‌బోన్ తీయించేశారు. ఆ మందు పట్టించడం గురించి చెప్పను, నా వేళ్లకు తెలుసు.

అన్నిటికన్నా కోపం ఎక్కడంటే, ఎండిన రెట్ట ధూళితో ఇది మనుషులకూ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉన్నాయా అని మొదటాయన అడగనే లేదు. మా నాన్నకు ఆస్తమా. డాక్టరమ్మ మమ్మల్నందరినీ మా డాక్టర్‌కు చూపించుకోమని, పిట్ట సంగతి తప్పక చెప్పమని పట్టుబట్టారు. ఎవరికీ ఏమీ లేదు. దేవుడి దయ అంటాను, ఎవరేమన్నా అనుకోండి.

మీ పిట్టకు రక్తపరీక్ష చేయిస్తే రెండు విషయాలు అడగండి. తెల్లకణాలు మెషీన్ లెక్కా, చేత్తో లెక్కపెట్టిందా? పక్కనున్న నార్మల్ అంకెలు ఏ జంతువువి? రక్తం తీస్తే నీరసపడుతుందేమోనన్న భయం నాకూ ఉండేది. ఆరోగ్యంగా ఉన్న పక్షి నుంచి బరువులో ఒక శాతం దాకా తీయొచ్చట, అంటే తొంభై గ్రాముల పిట్టకు ఒక మిల్లీలీటరు లోపే. జబ్బుగా ఉంటే ఇంకా తక్కువ. పరీక్షలన్నీ ఆ నాలుగు బొట్లలోనే కావాలి కనక ఏవి ముఖ్యమో ముందే మాట్లాడుకోండి.

మొన్నటి పరీక్షలో తెల్లకణాలు దిగాయి, ఏఎస్‌టీ దారికొచ్చింది. బైల్ యాసిడ్స్ మాత్రం ఇంకా కాస్త ఎక్కువే ఉన్నాయి, అందుకని పొద్దుతిరుగుడు గింజలు బంద్, పెల్లెట్లే, అంటే పక్షుల కోసం తయారుచేసిన మేత గుళికలే పెట్టాలి. చిట్టి ఆ పెల్లెట్లను ఒక్కొక్కటే తీసి కింద పారేస్తోంది.