క్లబ్‌మాస్‌తో తొందర పనికిరాదు

చెట్టు కొమ్మలకు వేలాడే ఈ అరుదైన అడవి మొక్కను కోసి నాటితే చాలాసార్లు కుళ్ళిపోతుంది. తల్లి నుంచి వేరు చేయకుండానే కొసను వంచి, తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచు మీద ఆనించి, వంచిన లోహపు తీగముక్కతో అదిమి ఉంచాలి. 6 నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. ఆ కొసకు సొంత వేళ్ళు వచ్చాకే కత్తెర. మధ్యలో లాగి చూడకండి! వీటి వేళ్ళు కొసకు దగ్గరగా పుట్టి, కాండం లోపలే కిందికి దిగి, కాండం మొదలు దగ్గర బయటికొస్తాయి. కాండం నలిగితే వేరూ పోయినట్టే.

వాననీళ్ళు, గాలాడే బెరడు ముక్కలు, పలచటి నీడ చాలు. ఎరువు బాగా పలచన చేయాలి. ఎరువులోని ఉప్పు పేరుకుంటే కొసలు మాడతాయి. సిద్ధబీజాల (విత్తనాలకు బదులు ఈ మొక్క వదిలే పొడి లాంటి కణాల) నుంచి పెంచడమంటారా? తగిన శిలీంధ్రం తోడు లేనిదే సాగదు, ఏళ్ళు పడుతుంది.