దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చిన ఏడాది మా గరాజ్‌లో దయ్యాల కొంప

2024లో దీపావళి అక్టోబర్ 31నే పడింది, గుర్తుండే ఉంటుంది. ఇండియాలో 31నా, 1నా అని పెద్ద చర్చే నడిచింది కానీ ఇక్కడ టెక్సాస్ టైం ప్రకారం అమావాస్య 31 తెల్లవారుజామున మొదలై మర్నాడు పొద్దున దాకా ఉంది కాబట్టి మాకు ఆ గొడవ లేదు, దీపాలు పెట్టాల్సిందీ ఆ సాయంత్రమే, హాలోవీన్ వేషాలేసుకుని వీధిలో పిల్లలు చాక్లెట్ల కోసం ట్రిక్ ఆర్ ట్రీట్ అంటూ ఇంటింటికీ వచ్చేదీ ఆ సాయంత్రమే. మేముండేది ఫ్రిస్కోలో, వీధిలో సగం మనవాళ్ళే. ఈసారికి హాలోవీన్ వదిలేద్దాంలే అని కొందరనుకున్నారు గానీ మా బాబు ఎండాకాలం నుంచే హాంటెడ్ హౌస్ చేద్దామని వెంటపడుతున్నాడు, వాడికి తొమ్మిదేళ్ళు, ఇంకో రెండు మూడేళ్ళు పోతే అడగడు కూడా.

అప్పటికి తెనాలి నుంచి అత్తయ్య వచ్చి మా దగ్గరే ఉన్నారు. సంగతి వినగానే "ఏమ్మా, లక్ష్మీదేవి వచ్చే వేళకి గుమ్మంలో దయ్యాల్ని కూర్చోబెడతారా?" అన్నారు. ఆవిడన్న దాంట్లో న్యాయం ఉంది, నాకూ గుమ్మం ముందు పుర్రెలు పెట్టి లోపల పూజ చేయడం ఇష్టం లేదు. ఆ ఒక్క మాట మీదే మొత్తం ప్లాన్ తయారైంది: గుమ్మం జోలికి అసలు పోకూడదు, దయ్యాలన్నీ డ్రైవ్‌వేలో, గరాజ్‌లో ఉండాలి, గుమ్మం దగ్గర ముగ్గు, దీపాలు, చాక్లెట్ల బుట్ట. పిల్లలు చీకట్లోంచి భయపడుతూ నడిచొచ్చి దీపాల దగ్గర చాక్లెట్ తీసుకుంటారు. ఇలా అనుకున్నాక అత్తయ్య "అలాగైతే సరే, నరకాసురుణ్ణి దాటొచ్చినట్టే ఉంటుంది" అని ఒప్పేసుకున్నారు.

ఇక దయ్యాలు ఎలాంటివి? ఇక్కడ షాపుల్లో దొరికేవన్నీ అస్థిపంజరాలు, సమాధి రాళ్ళు, మంత్రగత్తెలు. హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల షాపు వాళ్ళు 2020లో మొదటిసారి 299 డాలర్లకి పెట్టిన 12 అడుగుల అస్థిపంజరం మా వీధిలోనే ఉంది, అది చూడటానికి భలే ఉంటుంది, కానీ ఇంకోటి కొని మా ముంగిట నిలబెట్టడంలో నాకు సరదా కనపడలేదు. చిన్నప్పుడు నేను భయపడ్డవి వేరు. పాడుబడ్డ పెంకుటిల్లు, దాని పక్కన బావి, రాత్రిపూట గజ్జెల చప్పుడు, తెల్లచీర. అవే చేద్దాం అన్నాను, మా ఆయనకీ నచ్చింది.

బావి ఇన్సులేషన్ ఫోమ్ బోర్డులతో చేశాం. ఒక పెద్ద ప్లాస్టిక్ చెత్తడబ్బా చుట్టూ బోర్డు ముక్కలు అతికించి, కత్తితో ఇటుకల గీతలు చెక్కాం. ఇక్కడ ఎవరైనా చేసేవాళ్ళుంటే ఒకటి చెప్పాలి, ఫోమ్ మీద స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అందులోని సాల్వెంట్‌కి ఫోమ్ కరిగిపోతుంది, అందుకని ముందు గోడలకేసే నీళ్ళ పెయింట్ బూడిద రంగులో రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వాలి. కానీ ఆ కరగడం మనకి పనికొస్తుంది కూడా. పెయింట్ వేయకముందే అక్కడక్కడా స్ప్రే అలా తాకించి వదిలేస్తే ఫోమ్ చిన్న చిన్న గుంటలు పడి, పెళుసు తేలి, వానకి నానిపోయిన పాత ఇటుకలా అచ్చంగా వస్తుంది (ఇది బయటే చేయాలి, మాస్క్ పెట్టుకుని, ఆ వాసన మంచిది కాదు). ఆ గుంటల్లోకి నల్లరంగు నీళ్ళు పోసి గుడ్డతో తుడిచేసరికి మా ఆయన దాన్ని చేత్తో తడిమి "ఇది మా తాతయ్యగారి బావేనే" అన్నారు. పైన రెండు కర్రలు, గిలక, కొబ్బరి తాడు, పాత స్టీలు బొక్కెన.

పొగకి ఫాగ్ మెషీన్. మామూలుగా ఆ పొగ వేడిగా వచ్చి పైకి లేచి చెదిరిపోతుంది, అదే ఐస్ నింపిన కూలర్ డబ్బాలోంచి పోనిస్తే చల్లబడి నేల మీదే పాకుతుంది. మాది బావి అంచు మీదుగా పొంగి కిందకి జారేది. డ్రై ఐస్ వాడమని కొందరన్నారు గానీ అది మైనస్ 78 డిగ్రీలు, ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది, పైగా దాన్నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, గరాజ్ లాంటి మూసిన చోట కిందకి చేరి కూర్చుంటుంది, చిన్నపిల్లలు తిరిగే చోట వద్దనుకున్నాం. ఫాగ్ మెషీన్ కూడా బయటే పెట్టాం, ఆస్తమా ఉన్న పిల్లలొస్తారు కదా.

శబ్దం మాత్రం తెనాలి నుంచే వచ్చింది. మా మరిది వాళ్ళ ఇంటి వెనక బావి ఇంకా వాడుకలో ఉంది, రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుని గిలక కిర్రుకిర్రుమనడం, బొక్కెన నీళ్ళలో పడటం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాడు. దాని వెనకాల కీచురాళ్ళ చప్పుడు కూడా పడింది, అది ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. స్పీకర్ బావి అడుగున పెట్టాం. గజ్జెలు మా పాప కూచిపూడి గజ్జెలే, వాటి శబ్దం విడిగా గరాజ్ లోపలి మూల నుంచి, అది కూడా ఆగి ఆగి. ఆపకుండా మోగితే రెండు నిమిషాల్లో చెవి అలవాటు పడిపోతుంది, చాలాసేపు ఏమీ లేకుండా ఉండి ఒక్కసారి ఘల్లుమంటేనే గుండె జారేది.

ఇక తెల్లచీర. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఈ టెక్నిక్‌ని పెప్పర్స్ ఘోస్ట్ అంటారు, 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన స్టేజి మీద చూపించి పేరు తెచ్చుకున్నాడు, 1969లో తెరిచిన డిస్నీలాండ్ హాంటెడ్ మాన్షన్‌లో నాట్యమాడే దయ్యాలు కూడా ఇదే లెక్క. రాత్రిపూట రైలు కిటికీ అద్దంలో మన మొహమే బయట చీకట్లో తేలుతూ కనపడుతుంది చూడండి, అంతే. గరాజ్ మధ్యలో పెద్ద అక్రిలిక్ షీటు ఏటవాలుగా, 45 డిగ్రీల్లో నిలబెట్టాం. దాని వెనక ఖాళీ కుర్చీ, ఆ వెనక నల్లగుడ్డ. పక్కన, పిల్లలకి కనపడని చోట, నల్లపరదా చాటున మా స్నేహితురాలి కూతురు, హైస్కూల్ పిల్ల, తెల్లచీర కట్టుకుని ఇంకో కుర్చీలో కూర్చుంది. షీటు నుంచి ఖాళీ కుర్చీ ఎంత దూరమో ఆ పిల్ల కుర్చీ కూడా సరిగ్గా అంతే దూరంలో ఉండాలి, టేపు పెట్టి కొలిచి నేల మీద గుర్తులు పెట్టుకున్నాం. ఆ పిల్ల మీద లైటు డిమ్మర్‌తో మెల్లగా పెంచితే ఖాళీ కుర్చీలో మనిషి ఊరుతుంది, తగ్గిస్తే మాయం, వెనక కుర్చీ వీపు ఆమెలోంచి కనపడుతూ ఉంటుంది. షీటు మీద ఒక్క వేలిముద్ర ఉన్నా గుట్టు రట్టయిపోతుంది. ఇంకో లైటు ఎక్కడున్నా షీటు మీద మెరుస్తుంది, ఆఖరికి గరాజ్ డోర్ ఓపెనర్ మీది చిన్న బల్బుకి కూడా టేపు వేశాం.

లైట్ల దగ్గరే చాలామంది ఇళ్ళు తేలిపోతాయని నా అభిప్రాయం. వందల డాలర్ల బొమ్మలు పెట్టి పోర్చ్ లైటు వేసి ఉంచుతారు, అన్నీ కనపడిపోతాయి. మేం బావి లోపల ఒక ఆకుపచ్చ ఎల్ఈడీ, పెంకుటింటి గోడకి కింది నుంచి పైకి ఒక నీలం లైటు, అంతే, మిగతాదంతా చీకటి. కింది నుంచి కొట్టే లైటుకి మామూలు గడ్డపార నీడ కూడా గోడ మీద ఏదోలా ఉంటుంది. నడిచే దారిలో మాత్రం కాళ్ళ దగ్గర సన్నటి లైట్లు పెట్టాం, వైర్లు అడ్డం రాకుండా గోడ వారగా తీసుకెళ్ళాం, బయటి ప్లగ్గు జీఎఫ్‌సీఐ, అంటే షాక్ కొట్టేలోపే కరెంటు ఆపేసే ఏర్పాటు, ఉన్నదే వాడాం. షాపులో దొరికే సాగదీసే సాలెగూడు దూదిని చెట్లకి వేయలేదు, పిట్టలు చిక్కుకుంటాయి, గరాజ్ లోపలే వేశాం. పాత కిటికీ తెరల కోసం చీజ్‌క్లాత్ అనే పల్చటి నూలుగుడ్డని చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టి చింపి వేలాడదీశాం.

పెంకుటింటి తలుపుకి ఏదో లోటుగా ఉందే అనుకుంటుంటే అత్తయ్యే తడి ఎర్రరంగు అడిగి తీసుకుని వేలితో "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు. ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపులన్నిటి మీదా ఉండేది, గుర్తుందా? ఆ సాయంత్రం తెలుగు అమ్మానాన్నలు ఒక్కొక్కరూ దాని ముందు ఆగిపోయి, వాళ్ళ ఊళ్ళో ఎవరింటి తలుపు మీద రాశారో చెప్పుకోవడం మొదలుపెట్టారు, పిల్లలు లాగుతున్నా కదల్లేదు.

ఇక్కడ చలికాలం ముందు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ ఏడాది అది నవంబర్ 3న, ఇంకా తిప్పలేదు, అందుకని ఏడింటి దాకా పూర్తి చీకటి పడలేదు. అది మంచిదే అయింది, బుడ్డోళ్ళు వెలుతురు ఉండగానే వస్తారు. వాళ్ళకి గుమ్మడికాయలు పెట్టి ఇంకో దారి ఉంచాం, గరాజ్ జోలికి పోకుండా నేరుగా గుమ్మానికే. నూనె దీపాలు పైన గట్టు మీద, కింద మెట్ల మీద బ్యాటరీవి, ఆ కాస్ట్యూములు ఎక్కువగా పాలిస్టర్, ఒక నిప్పురవ్వ చాలు. చాక్లెట్లతో పాటు నీలం ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు వేసిన గుమ్మడికాయ పక్కన పెన్సిళ్ళు, స్టిక్కర్లు పెట్టాం, బాబు క్లాసులో వేరుశనగ పడని పిల్లాడున్నాడు. 2014లో ఫేర్ అనే అలర్జీ సంస్థ దేశమంతా వ్యాప్తి చేసిన పద్ధతి అది, ఆ రంగు చూస్తే ఇక్కడ తినేవి కానివి కూడా ఇస్తారని అలర్జీ ఉన్న పిల్లల తల్లులకి అర్థమవుతుంది, ఆ పిల్లాడి వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఏడు దాటాక అసలు జనం. పట్టుపావడా మీద పిల్లి చెవులు పెట్టుకున్నోళ్ళు, కుర్తా మీద డ్రాక్యులా కోటు వేసుకున్నోళ్ళు. పెద్దపిల్లలు కుర్చీ చూసి "ఏముంది ఇందులో" అని వెనక్కి తిరగబోతుంటే మెల్లగా లైటు పెరిగేది. ఒకమ్మాయి, ఆరేళ్ళుంటాయేమో, బాగా భయపడి ఏడుపు మొహం పెట్టింది. నేను వెంటనే లైట్లు వేయించి, ఎత్తుకుని పరదా వెనక్కి తీసుకెళ్ళి తెల్లచీర అక్కని చూపించాను, చీర ముట్టుకోనిచ్చాను, డిమ్మర్ చేతికిచ్చాను. ఇంక అక్కణ్ణుంచి లేవదే! తర్వాత వచ్చిన బ్యాచ్ మొత్తానికి దయ్యాన్ని తెప్పించింది, మాయం చేసింది ఆ పిల్లే, వాళ్ళ అన్నయ్య కెవ్వుమంటే పడీపడీ నవ్వింది. ఎవరైనా పిల్లల కోసం ఇలాంటిది చేస్తుంటే భయపడ్డవాళ్ళకి తెర వెనక చూపించడానికి ఒక మనిషిని తప్పకుండా ఉంచండి.

డ్రైవ్‌వే చివర నిలబడ్డ పెద్దవాళ్ళకి అత్తయ్య సున్నుండలు పంచారు. పిల్లల సంచుల్లో ప్యాక్ లేనివి వేయకూడదు కాబట్టి అవి పెద్దవాళ్ళకే.

మర్నాడే అంతా విప్పేశాం. ఫాగ్ మెషీన్ దాచేముందు కంపెనీ బుక్‌లో చెప్పినట్టు శుభ్రం చేసి పెడితే మళ్ళీ ఏడాదికి మూసుకుపోకుండా ఉంటుంది, అక్రిలిక్ షీటుని పాత దుప్పట్లో చుట్టి గోడకి నిలబెట్టాం. 2025లో దీపావళి అక్టోబర్ 20నే వచ్చింది కాబట్టి రెండు పండగలకీ విడిగా టైం దొరికింది, అయినా బాబు గుమ్మం దగ్గర దీపాలు ఉండాల్సిందేనన్నాడు, బావి పక్కన ఈసారి చింతచెట్టు కూడా కావాలన్నాడు.