కాగితం ఎక్కడ ఆగింది?

గురువారం. చెన్నై టి.నగర్ ఆఫీసు. బయట నవంబరు ముసురు, పొద్దుటి నుంచీ తెరిపి లేదు.

తొమ్మిదిన్నరకు జిరాక్స్ మిషను ఆన్ చేస్తే మొదటి పది కాగితాల్లోనే రెండు జామ్‌లు. పదకొండు దాటాక ఇంకొకటి. మిషను పక్కన దారానికి వేలాడే నోటుబుక్కులో వారం రోజుల లెక్క ఉంది: టైము, ఏ ట్రే, తెర మీది కోడ్, కాపీలు లెక్కపెట్టే కౌంటర్ అంకె, కాగితం ముందంచు ఎక్కడ ఆగింది. ఆ చివరి గడి నింపడానికే అందరికీ బద్ధకం. కానీ రిపేరు మొదలయ్యేది అక్కడే. తలుపు తీసి, కాగితం బరుక్కున లాగి ఉండ చేసి పారేస్తే సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేసినట్టే.

మిషను లెక్కలో జామ్ అంటే ముఖ్యంగా రెండు రకాలు. సెన్సర్ దగ్గరకు కాగితం రావాల్సిన టైముకు రాలేదు. లేదా వచ్చింది గానీ పోవాల్సిన టైముకు పోలేదు. మొదటిది ఎక్కువగా ట్రే వైపు జబ్బు, రెండోది ఫ్యూజర్, అంటే టోనర్ పొడిని వేడితో కాగితానికి అంటించే భాగం, దాటాక వచ్చేది. చిక్కిన కాగితం వాలకం కూడా చాలా చెబుతుంది. ముందంచు చీర కుచ్చిళ్లలా మడతలు పడితే రిజిస్ట్రేషన్ రోలర్ల (కాగితాన్ని తిన్నగా చేసి ప్రింటుకు పంపేవి) దగ్గర ఏదో అడ్డం ఉంది, లేదా వాటి క్లచ్ పట్టడం లేదు. ఒక మూల మాత్రమే మడత పడితే ట్రేలోని పక్క గైడ్లు వదులుగా ఉండి కాగితం వంకరగా వెళ్లింది. చిరిగి వస్తే ముక్కలన్నీ బల్ల మీద పేర్చి చూడాలి. మూల తక్కువైందా, అది లోపలే ఉంది. గోరంత ముక్క సెన్సర్ రెక్క కింద ఇరుక్కున్నా చాలు, లేని కాగితం ఉన్నట్టే చూపిస్తూ ఉంటుంది.

ఈ వారం పేజీ నిదానంగా చదివితే రెండు గుంపులు కనిపించాయి. పొద్దుటివన్నీ రెండు వైపులా ప్రింటు తీసేటప్పుడు, కాగితం అంచులు పైకి లేచి, డూప్లెక్స్ దారిలో ఆగినవి. పగటివన్నీ ఒకటో ట్రేవి, రెండేసి కాగితాలు అతుక్కుని వచ్చినవి. ఒకే మిషను, రెండు జబ్బులు. ఇన్నాళ్లూ ఒక మందుతో రెండూ తగ్గాలని చూడటం వల్లే ఏదీ తగ్గలేదు.

ముందు పగటి జబ్బు. ప్లగ్గు పీకి ట్రే బయటికి లాగాం. ఈ రకం మిషన్లలో ట్రేకు మూడు చిన్న రబ్బరు రోలర్లు ఉంటాయి. పికప్ రోలర్ పై కాగితాన్ని కదుపుతుంది. ఫీడ్ రోలర్ లోపలికి తోస్తుంది. దాని కింద ఆనుకుని ఉండే సెపరేషన్ రోలర్ పని గమ్మత్తైనది: మిషను దాన్ని వెనక్కి తిప్పాలని చూస్తుంది, మధ్యలో టార్క్ లిమిటర్ అనే బిళ్ల ఉంటుంది. ఒక్క కాగితమే వస్తే పై రోలర్ పట్టు ఎక్కువ కాబట్టి లిమిటర్ జారి, ఇదీ ముందుకే తిరుగుతుంది. రెండు కాగితాలు వస్తే వాటి మధ్య పట్టు తక్కువ, అప్పుడు ఇది తన దారిన వెనక్కి తిరిగి కింది కాగితాన్ని ట్రేలోకి నెట్టేస్తుంది. రబ్బరు నునుపెక్కినా లిమిటర్ వదులైనా ఆ నెట్టడం ఉండదు, జోడు కాగితాలు వస్తాయి. అసలు కాగితమే కదలకపోతే తప్పు పికప్, ఫీడ్ రోలర్లది.

మొదట తుడిచి చూశాం. నూలు ఊడని గుడ్డను నీళ్లలో తడిపి గట్టిగా పిండి, రోలర్‌ను తిప్పుతూ నల్లదనం రావడం ఆగేదాకా తుడవాలి. జిడ్డు ఉంటే కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెట్రోలు, థిన్నర్ తగిలితే రబ్బరు పాడవుతుంది. తుడిచాక వేలితో ముట్టుకోకూడదు, చేతి నూనె చాలు మళ్లీ జారడానికి. ఉప్పుకాగితంతో గీకే పాత చిట్కా ఒకటుంది, నాలుగు రోజులు బాగానే నడుస్తుంది, తర్వాత రోలర్ సన్నబడి ఇంకా పాడు. ఆ జోలికి పోలేదు.

తుడిచాక కూడా ఇరవై కాగితాల్లో ఒక జోడు వచ్చింది. రెండు ట్రేలలోనూ అదే భాగం కాబట్టి సెపరేషన్ రోలర్లను లిమిటర్లతో సహా అటూ ఇటూ మార్చాం. ఒకటో ట్రే కుదుటపడింది, జబ్బు రోలర్ వెంట రెండో ట్రేకు వలస పోయింది. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ఎందుకో మెకానిక్‌లు చేసి చూపించరు.

మధ్యాహ్నం ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో మూడు రోలర్ల కిట్ దొరికింది. ఒకటి అరిగితే మిగతావీ దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి ఒకటో ట్రేకు మూడూ ఒకేసారి మార్చడం మేలు, బిగించాక సర్వీసు మెనూలో ఆ ట్రే కౌంటర్ సున్నా చేయాలి. ఒకటో ట్రే నుంచి రెండో ట్రేకు మారిన లిమిటర్‌ను వేళ్లతో తిప్పి చూస్తే ఒకచోట పట్టీ, ఒకచోట పట్టకా ఉంది. మంచిదైతే చుట్టంతా ఒకే బిగువు ఉండాలి.

ఫ్యూజర్ వైపు పెద్దగా పని పడలేదు. చల్లారడానికి అరగంట వదిలి, పచ్చ లీవరు ఎత్తి, కాగితం నడిచే దిశలోనే రెండు చేతులతో సమానంగా లాగాలి. తలుపు తెరిచి ఉంచినంతసేపూ డ్రమ్ (కాపీ బొమ్మ ముందుగా ఏర్పడే గొట్టం) మీద నల్ల గుడ్డ కప్పాలి, వెలుతురు పడకూడదు. 1959లో వచ్చిన జిరాక్స్ 914 మిషనులో కాగితం చిక్కుకుంటే కాలిపోయే ప్రమాదం ఉండేదని దాంతోపాటు మంటలార్పే సీసా ఇచ్చేవారు. ఇప్పటి జామ్ మహా అయితే చొక్కాకు టోనర్ పూస్తుంది. ఆ మరక చన్నీళ్లతోనే ఉతకాలి, వేడినీళ్లు పోస్తే బట్టకు పట్టేస్తుంది.

ఇక పొద్దుటి జబ్బు. అది కాగితానిది, వానది. కాపీ కాగితంలో తేమ సుమారు 5 శాతం దగ్గర ఉండేలా తయారుచేసి మైనం కవరులో చుడతారు. మనవాళ్లు 500 కాగితాల రీము విప్పి ట్రే నిండా పోసి సాయంత్రం ఏసీ ఆపి వెళ్తారు. రాత్రంతా మద్రాసు గాలి దాన్ని ఊరబెడుతుంది. పొద్దున ఫ్యూజర్ వేడికి ఒకవైపు తేమ ముందుగా ఆరి కాగితం చుట్టుకుంటుంది, రెండో వైపు ప్రింటుకు డూప్లెక్స్‌లో తిరిగేటప్పుడు ఆ చుట్టుకున్న అంచు గైడుకు కొట్టుకుని ఆగుతుంది. ట్రేలోని కాగితం తిరగేసి పెడితే కొంత తగ్గింది. తడి పీల్చిన దొంతర తీసేసి కొత్త రీము విప్పి, నాలుగు అంచులూ విసిరి, గరిష్ఠ గీతకు ఒక వేలు కిందకే పోస్తే ఇంకా తగ్గింది. మిగిలింది కవరులోనే మడిచి, టేపు వేసి, నేల మీద కాకుండా బీరువాలో.

అయినా ప్రశ్న మిగిలింది. ట్రేల కింద తేమ ఆర్చే హీటర్ ఉన్న మోడల్ ఇది, దాని చిన్న స్విచ్చి ఆన్‌లోనే ఉంది. మరి కాగితం ఎందుకు మెత్తబడింది? మిషను తన స్విచ్చితో ఆపినా హీటర్ పనిచేస్తుంది, కానీ గోడ నుంచి కరెంటు వస్తున్నంతవరకే. కరెంటు పొదుపని రోజూ రాత్రి గోడ స్విచ్చే ఆపేస్తున్నారు.

సాయంత్రం ఒకటో ట్రే నుంచి ఒకవైపు 100, రెండు వైపులా 30 తీశాం, జామ్ లేదు. రెండో ట్రేకు ఇంకో కిట్ వచ్చేదాకా దాని మీద "వాడకండి" చీటీ. గోడ స్విచ్చి మీద ఇంకో చీటీ, తెలుగులోనూ తమిళంలోనూ: రాత్రి దీన్ని ఆపొద్దు.